తారుమారైన రెండు పోగులు

జూన్ 21

మా ఆవిడ చివరి రోజు ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాసిపెడుతున్నాను. ఒకసారి రాస్తే మళ్లీ మళ్లీ తలచుకునే పని తప్పుతుందని.

ఈ నెల తొమ్మిది, ఆదివారం. ఆరుంబావుకి లేచాం. కాఫీ నేను పెట్టాను. పంచదార ఎక్కువైందని తను అంది. ఎక్కువ కాలేదు. ముందురోజు మగ్గం మీంచి కోసి దించిన దుప్పటిని పొద్దున్నే తడిపి, పెరటి తీగ మీద ఆరవేసింది. తడపకముందు రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. ఆరాక రెండు మీటర్ల నాలుగు. కొలిచింది నేనే. తొమ్మిదిన్నరకు దాని కుచ్చులు ముడివేయడానికి కూర్చుంది. పదకొండుకు పది నిమిషాలుందనగా కత్తెర ఇటివ్వమంది. ఇచ్చాను. ఎడమ చేయి మొద్దుబారినట్టుంది అంది. పదకొండూ ఇరవైకి అంబులెన్సు. ఒంటిగంటా ఐదుకు డాక్టరు బయటికొచ్చి కళ్లజోడు తీశాడు.

ఇంతే. పదకొండు కుచ్చులు మిగిలిపోయాయి. మరదలు ముడివేసింది.

జూన్ 24

పరామర్శకు వచ్చినవాళ్లు నేటికి నలభై ఒక్కరు. అందరూ మెచ్చుకున్నారు. తను నేసినదాంట్లో వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదట. మొదటి ఏడాది నేసిన తువ్వాలు ఒక చివర మూరెడు వెడల్పు, రెండో చివర జానెడు. ఇంట్లో దాన్ని ‘ముక్కోణం’ అనేవాళ్లం. ఈ నలభై ఒక్కరిలో ఎవరి చేతిలో పెట్టినా అదొక అద్భుతం అనేట్టున్నారు.

నేత సంఘం అధ్యక్షురాలు కూడా వచ్చింది. ఆమెకు ‘కంచుగంట’ అని పేరు పెట్టింది తనే. ఆవిడకు మైకు అక్కర్లేదు. తను నేసినవాటి ఎడమ అంచు బిగుసుకుపోతోందని పందొమ్మిదేళ్లు ప్రతి ప్రదర్శనలోనూ హాలంతా వినపడేట్టు చెప్పింది. ఇవాళ ఏదో అనబోయి ఆగి, ‘గొప్ప మనిషి’ అని లేచి వెళ్లిపోయింది. ఆ అనబోయింది అనేసినా బాగుండేది.

జూన్ 27

హెడ్మాస్టరుగారు వచ్చారు. రిటైరై పదేళ్లయింది. ఇప్పుడు సంఘం నియమాల పుస్తకం ఆయన చంకలో ఉంటుంది.

‘ఆవిడ ఆఖరుగా నేసింది ఏదైనా ఉంటే ఒక్కసారి చూపించండి’ అన్నారు.

దుప్పటికి ఇంకా ఇస్త్రీ కాలేదు. వంటింటి గుమ్మం దగ్గర నేల తుడిచే గుడ్డ ఆరి ఉంది. కిందటేడు బజార్లో కొన్నది. ఎందుకు చేశానో తెలియదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చి ఇచ్చాను.

ఆయన రెండు చేతులా అందుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు.

‘చూశారా, ఈ గరుకు! ఇదండీ ఆవిడ ముద్ర.’

‘అవునండీ.’

‘మధ్యలో ఈ రంగు వెలిసినట్టు చేయడం ఉంది చూడండి. దానికెంత ధైర్యం కావాలి!’

‘చాలా కావాలి.’

‘ఈ వాసన...’

‘తనకు శుభ్రం ఎక్కువండీ.’

‘ప్రదర్శనలో స్మృతి మూలకు దీన్నే ఇప్పించండి. కాదనకండి.’

కాదనలేదు. ఆయన గేటు దాటాక వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నవ్వాను. పద్దెనిమిది రోజుల తర్వాత.

ఇప్పుడు నేల తుడవడానికి గుడ్డ లేదు.

జూన్ 28

మరదలు వచ్చింది. పళ్ల డాక్టరు. సంఘానికి కార్యదర్శి. నోరు తెరిచిందంటే ఎదుటివాడి నోరు మూతపడాల్సిందే.

‘బావగారూ, మీకేమైనా మతి పోయిందా? మాస్టారు నాకు ఫోను చేసి అరగంట వర్ణించారు. గళ్లు గళ్లుగా ఉంటుంది, మధ్యలో వెలిసింది అంటే నాకు అర్థం కాదనుకున్నారా?’

‘ఆయనే అడిగారు.’

‘అడిగితే? అక్క ఫొటో పక్కన నేల గుడ్డ వేలాడదీస్తారా?’

‘మీ అక్క ఉంటే ఏమనేది?’

‘పక్కన ఫినాయిల్ సీసా కూడా పెట్టమనేది’ అంది.

ఇద్దరం నవ్వాం. తర్వాత మరదలు ఏడ్చింది. నేను కాఫీ పెట్టాను. పంచదార సరిపోయింది.

జూలై 1

స్మృతి మూల అంటే హాలు బయట, మెట్ల కింద, మంచినీళ్ల డబ్బా పక్కన. పోయిన సభ్యుల పని అక్కడ పెడతారు. ఫొటో, పూలగుత్తి, ఒక చిన్న దీపం. పోటీలో ఉండదు. న్యాయనిర్ణేత అటు రాడు. నీళ్లు తాగేవాళ్లు తల పైకెత్తినప్పుడు చూస్తారు.

కిందటేడు ఆ డబ్బా దగ్గర నిలబడి తను అంది. ‘ఏమండీ, నన్ను మాత్రం ఇక్కడ తగిలించనివ్వకండి. ఇక్కడ ఎవరూ తప్పు పట్టరు. తప్పు పట్టలేదంటే చూడలేదనే.’

అప్పుడు నేను గ్లాసు కడుగుతున్నాను. సరే అన్నాను.

ప్రదర్శనకు ఫారం తను సగం నింపి సొరుగులో పెట్టింది. గడువు జూలై 5. హాల్లోకి వచ్చిన ప్రతిదానికీ న్యాయనిర్ణేత చేత్తో రాసిన అభిప్రాయం చీటీ ఇస్తారు. అది కావాలి నాకు. తను నేసినదాన్ని తెలియని మనిషి ఒకడు చూసి, నోటికొచ్చింది అనాలి.

నియమాలు ఇరవై రెండు. రెండుసార్లు చదివాను. పంపేవాళ్లు బతికున్న సభ్యులై ఉండాలి. పేరు సీలు వేసిన కవర్లో, గుడ్డ మీద నంబరు మాత్రమే. నేను ‘సహాయ సభ్యుణ్ణి’. పెట్టెలు మోసినందుకు, టీ తాగినందుకు ఇచ్చిన సభ్యత్వం. అయినా సభ్యత్వమే. ఊపిరీ ఆడుతోంది.

జూలై 2

దుప్పటికి ఇస్త్రీ చేశాను. మూడు నీలం పోగులు, ఒక బూడిద పోగు, మళ్లీ మూడు నీలం. ఇదీ వరస.

ఎడమ అంచు నుంచి పన్నెండు సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్ల దగ్గర రెండు పోగులు తారుమారయ్యాయి. బూడిద రావలసిన చోట నీలం, నీలం రావలసిన చోట బూడిద. ఈ చివర నుంచి ఆ చివరి దాకా సన్నటి గీత.

పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గానికి ఎక్కించేటప్పుడు ఒక్కో పోగునూ సూదికి దారం ఎక్కించినట్టు ఒక్కో కంటిలోంచి లాగాలి. ముందు కూర్చున్న మనిషి కొక్కెంతో లాగుతుంది. వెనక కూర్చున్న మనిషి వరస తప్పకుండా అందించాలి. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా వెనక కూర్చున్నది నేను. కాబట్టి ఆ పొరపాటు నాది. ఆ రోజు ఆఫీసు కథేదో చెబుతున్నాను.

తను చూసుకునే ఉంటుంది. విప్పకుండా వదిలేసింది. తనకు అలాంటి పట్టింపులు ఉండేవి కావు.

జూలై 3

నిన్న రాసింది సరికాదు. పట్టింపులు ఉండేవి. అయినా వదిలేసింది. కావాలనే.

దుప్పటిని నా పేరు మీద పంపుతానని మరదలికి చెప్పాను. ఆమె వేళ్లతో చెవులు మూసుకుంది.

‘నేను కార్యదర్శిని. నాకేమీ వినపడలేదు. ఫారాలు పెట్టే బల్ల ద్వారానికి ఎడమవైపు ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి రెండుంబావు దాకా అక్కడ ఎవరూ ఉండరు. ఇది మీకు చెప్పడం లేదు, గోడకు చెబుతున్నాను.’

‘గోడ విన్నది.’

‘గోడకు బుద్ధుంటే కొత్త ఫారం తీసుకుంటుంది. అక్క దస్తూరీ ఈ ఊళ్లో అందరికీ తెలుసు.’

జూలై 4

‘పైన పేర్కొన్నది నా చేతి పని అని ధ్రువీకరిస్తున్నాను.’ కింద సంతకం చేశాను.

తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. తప్పుడు కాటాలు, కుదించిన గజం బద్దలు, అడుగున మైనం పూసిన లీటరు కొలతలు పట్టుకున్నాను. తప్పుడు ధ్రువీకరణ మీద నేను సంతకం పెట్టడం ఇదే మొదటిసారి.

పనికి పేరు అని ఒక గడి ఉంది. మిగతావాళ్లు ‘ఉషోదయ నాదం’, ‘నాలోని నది’ అని రాస్తారు. నేను ‘ఎవరు చూస్తారులే’ అని రాశాను. ఏదో ఒకటి రాయాలి కాబట్టి.

జూలై 5

రెండూ ఐదుకు ఇచ్చేశాను. నంబరు 27. తీగ ఖాళీగా ఉంది.

జూలై 9

కావాలనే.

జూలై 13

న్యాయనిర్ణేత బయటి ఊరి నుంచి వచ్చాడని మరదలు చెప్పింది. ఎండిన చిక్కుడుకాయలా ఉంటాడట. జేబులో భూతద్దం. అరవై మూడింట్లో నలభై వెనక్కి పంపాడు. ‘నాలోని నది’ని చూసి, ఈ నదికి గట్టు లేదు అన్నాడట. నది గలావిడ రెండు రోజులుగా మంచం దిగలేదు.

నాకు ఆ మనిషి నచ్చాడు.

జూలై 15

చీటీ వచ్చింది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

‘నంబరు 27. దుప్పటి. రంగుల తూకం బాగుంది. నిదానం ఉన్న చేయి. ఎడమ అంచు బిగువెక్కువ. ఇది అలవాటులా కనిపిస్తోంది, మానుకోవాలి. ఎడమవైపు రెండు పోగులు తారుమారు. పడుగు ఎక్కించినప్పుడే జరిగింది. మొదటి జానెడులోనే కనపడి ఉండాలి. చూసి కూడా విప్పి సరిచేయకపోవడం బద్ధకం. హాల్లో పెట్టదగినది. బహుమతికి కాదు.’

పదకొండుసార్లు చదివాను. మానుకోవాలిట. జూన్ తొమ్మిది తర్వాత తనకు ఎవరైనా ఒక పని పురమాయించడం ఇదే మొదలు. ఇంట్లో అటూ ఇటూ నడిచాను. మరదలికి ఫోను చేసి చదివి వినిపించాను.

‘తిట్టాడు బావగారూ!’ అంది, లాటరీ తగిలినట్టు.

‘రెండుచోట్ల తిట్టాడు.’

‘అంచు మళ్లీ చదవండి.’

చదివాను.

జూలై 16

బద్ధకం అన్న మాట బాగాలేదు. తను బద్ధకస్తురాలు కాదు. మిగతావన్నీ అననీ. ఆ ఒక్క మాటకు జవాబు రాయాలని కూర్చున్నాను. కింద ఎవరి పేరు పెట్టాలి?

చించేశాను.

జూలై 20

ప్రదర్శన మొదలైంది. దుప్పటి హాల్లో, రెండో కిటికీ పక్కన. వెలుతురు ఎడమ నుంచి పడుతుంది కాబట్టి గీత బాగా కనపడుతోంది. అయినా మంచి చోటు.

మెట్ల కింద నేల గుడ్డకు చిన్న దీపం, తెల్ల పూలు. హెడ్మాస్టరుగారు పక్కన పది వాక్యాల వ్యాసం అతికించారు. ‘గరుకుదనంలో మృదుత్వం’ అని శీర్షిక. ఒకాయన నీళ్లు తాగడం ఆపి అది మొత్తం చదివాడు. ఫొటోలో తను నవ్వుతోంది. ఆ ఫొటోలో ఎప్పుడూ నవ్వుతూనే ఉంది, కానీ ఇవాళ కొంచెం ఎక్కువనిపించింది.

కంచుగంట దుప్పటి ముందు నాలుగు నిమిషాలు నిలబడింది. గడియారం చూసి చెబుతున్నాను. తర్వాత నా వైపు చూసింది. ఆవిడ ఏమీ అనకపోయేసరికి నాకు భయమేసింది.

జూలై 23

ఒక చిక్కు. చివరి రోజు న్యాయనిర్ణేత హాలంతా తిరుగుతాడు. ఎవరి పని దగ్గర వాళ్లు నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పాలి. ఇది పందొమ్మిదో నియమం. రెండుసార్లు చదివి కూడా దీని గురించి ఆలోచించలేదు.

మరదలు తర్ఫీదు ఇస్తోంది.

‘పోగులు ఎందుకు సరిచేయలేదని అడుగుతాడు. అప్పుడు గడ్డం ఇలా నిమురుకోండి. అది పొరపాటు కాదండీ, పరిపూర్ణత మీద నా తిరుగుబాటు అనండి.’

‘పరిపూర్ణత మీద నాకు తిరుగుబాటు లేదు.’

‘ఇప్పుడు తెచ్చుకోండి. లేకపోతే అక్కను తీసుకెళ్లి మెట్ల కింద పెడతారు.’

గడ్డం నిమరడం వచ్చింది.

జూలై 28

ఇవాళ చివరి రోజు. హాలు కిక్కిరిసింది. పదీ నలభైకి భూతద్దం పెద్దమనిషి నా దగ్గరికి వచ్చాడు. వెనక హెడ్మాస్టరుగారు, కంచుగంట, మరదలు, ఇంకా ముప్పై మంది. భూతద్దం తీసి సరిగ్గా ఆ గీత మీదే పెట్టాడు.

‘ఇది మీకు ఎప్పుడు కనపడింది?’

‘మొదటి జానెడు నేసినప్పుడు.’

‘ఎంతసేపటి పని సరిచేయడం?’

‘పది నిమిషాలు.’

‘మరెందుకు చేయలేదు? నేను బద్ధకం అని రాశాను. కాదంటే చెప్పండి, కొట్టేస్తాను.’

మరదలు ఆయన వెనక నిలబడి గడ్డం నిమురుకుంటోంది. నేనూ చేయి పైకెత్తాను. పరిపూర్ణత అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది.

‘బద్ధకమేనండీ’ అన్నాను. ‘కానీ నేసిన మనిషిది కాదు. తను చూసింది. చూడగానే పిలిచింది. ఏమండీ, ఒక్కసారి వచ్చి వెనక కూర్చోండి, రెండు పోగులు మార్చి కడదాం అంది. నేను రేడియోలో ఆట వింటున్నాను. ఎవరు చూస్తారులే అన్నాను. తను రెండోసారి పిలవలేదు. అలాగే నేసేసింది. ఆ మాట మీరు కొట్టేయక్కర్లేదు. నా పేరు మీద ఉంచండి.’

‘తను అంటే?’

‘మా ఆవిడ. జూన్ తొమ్మిదిన పోయింది.’

మరదలు చేయి గడ్డం మీదే ఉండిపోయింది.

ముందుగా తేరుకున్నది హెడ్మాస్టరుగారు. పుస్తకం తెరిచారు.

‘ఇది తప్పుడు ప్రకటన. విచారకరమే, కానీ నియమం నియమమే. ఈ దుప్పటిని వెంటనే స్మృతి మూలకు మార్చాలి. ఫొటో పక్కన ఇంకో మేకు ఉంది.’

ఇద్దరు సభ్యులు దుప్పటి వైపు కదిలారు. నేను అడ్డంగా నిలబడ్డాను. ఏం చేయాలో తెలియక అలా నిలబడ్డాను.

‘ఆగండి!’

కంచుగంట. కిటికీ అద్దాలు అదిరాయి.

‘మాస్టారూ, పుస్తకం తెరిచారుగా. పద్నాలుగో నియమం పైకి చదవండి.’

ఆయన చదివారు. ‘ఇద్దరు కలిసి చేసిన పనిని వారిలో ఎవరైనా ఒకరు పంపవచ్చును... కానీ అమ్మా, ఈయన నేయలేదుగా! ఊరికే పోగులు అందించారు.’

‘ఊరికేనా? అందించినవాడి తప్పు గుడ్డలో ఈ చివర నుంచి ఆ చివరి దాకా కనపడుతోంది. తప్పు కనపడొచ్చు గానీ, పేరు కనపడకూడదా?’

ఎవరో నవ్వారు. ఆవిడ నా వైపు తిరిగింది.

‘ఇన్‌స్పెక్టరుగారూ, ఆ తప్పు ఎవరిది?’

‘నాది.’

‘గట్టిగా.’

‘నాదేనండీ!’

‘విన్నారా మాస్టారూ? ఒప్పుకున్నాడు. ఇంక రుజువేం కావాలి? అయినా ఇది ఎవరిదో నాకు మొదటిరోజే తెలుసు. ఆ ఎడమ అంచు చూడండి, పీక నొక్కినట్టు లేదూ? పందొమ్మిదేళ్లు చెప్పాను. చేయి వదులు చెయ్యవే తల్లీ, వదులు చెయ్యవే అని. వింటేనా! మొండిఘటం!’

ఆవిడ గొంతు చివర్లో గంటలా మోగలేదు. ముక్కు చీదుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. సైకిళ్లు ఉన్నాయి. పద్నాలుగు.

భూతద్దం పెద్దమనిషి చీటీ మీద రెండో పేరు రాశాడు. ‘బద్ధకం’ పక్కన బాణం గీసి నా పేరు వైపు తిప్పాడు. ‘అంచు సంగతి మాత్రం అలాగే ఉంటుంది’ అన్నాడు. అలాగే ఉండాలన్నాను.

హెడ్మాస్టరుగారు ఓడిపోవడం అలవాటు లేని మనిషి. ‘సరే, మరి మూలలో పెట్టిన పని సంగతేమిటి? దాని మీద నేను వ్యాసం కూడా రాశాను.’

‘అది నేల తుడిచే గుడ్డ’ అంది కంచుగంట. ‘మా ఇంట్లో రెండున్నాయి.’

ఆయన నన్ను చూశారు. నేను పంకా చూశాను.

సాయంత్రం దుప్పటి దించి మడత పెడుతుంటే కంచుగంట వచ్చి పక్కన నిలబడింది.

‘రేపు నేను పడుగు ఎక్కించాలి. ఎనిమిది వందల నలభై పోగులు. మా ఆయన అందిస్తాడు గానీ రెండొందలు దాటేసరికి నిద్రపోతాడు.’

‘నేను తప్పులు అందిస్తానండీ. చూశారుగా.’

‘చూశాను. మెలకువగా ఉండి అందిస్తారు. అది చాలు.’

‘మాట్లాడతాను కూడా.’

‘మాట్లాడండి. నేను మాట్లాడనిస్తే కదా.’

మరదలు దూరం నుంచి చూస్తూ మళ్లీ గడ్డం నిమురుకుంది. నేను పట్టించుకోలేదు.

కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాను. రేపు పొద్దున ఎనిమిదింటికి కంచుగంట ఇంటికి వెళ్తాను. మగ్గం వెనక కూర్చుని పోగులు అందిస్తాను. మధ్యలో ఆవిడ ఆగి, ఏదో తేడాగా ఉందంటే, అక్కడికక్కడే విప్పుతాం.